మీకు తెలుసా? ఫోన్‌లో ‘ఫ్రీ’గా వచ్చేదానికి బిల్లు ఎవరు కడుతున్నారు?

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే ఎంఎంటీఎస్ రైల్లో చూసినా, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే బస్సులో చూసినా అందరి ఫోన్లలో ఒకటే వరస. పాట మొదలవుతుందనగా యాడ్ వస్తుంది. వార్త చదవబోతే యాడ్ అడ్డం పడుతుంది. తెర మూలన చిన్న అక్షరాల్లో ‘నెలకు ఇంత కడితే యాడ్స్ ఉండవు’ అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోతారు. నేరుగా డబ్బు కట్టడం, యాడ్స్ చూసి సరిపెట్టుకోవడం అనే ఈ రెండు పద్ధతుల వెనక చాలా కథ ఉంది. అందులో మన మేడ్చల్, శామీర్‌పేటలకూ మన తెలుగు పత్రికలకూ కూడా చోటుంది. ఒక్కొక్కటే చూద్దాం.

1. మన ఊరి పక్కనే రెండు దారులు

మేడ్చల్ దగ్గర, శామీర్‌పేట దగ్గర మనం ఎక్కే అవుటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. మెయిన్ రోడ్డెక్కితే టోల్ కట్టాలి. దాన్ని ఆనుకునే సాగే సర్వీసు రోడ్డుకు టోల్ లేదు. ఈ రోడ్డు మీద టోల్ వసూలు చేసుకుని నిర్వహణ చూసుకునే హక్కును 2023లో ఐఆర్‌బీ సంస్థకు 30 ఏళ్ల లీజుకిచ్చారు. ఆ లీజు విలువ రూ.7,380 కోట్లు. వాడేవాళ్లు తలా కొంచెం కడితే ఎంత పోగవుతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. ఇంటర్నెట్‌లోనూ ఇలాంటివే రెండు దారులు ఉన్నాయి. ఒక్కటే తేడా. ఎవరు ఎటు వెళ్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో సర్వీసు రోడ్డు రాసిపెట్టుకోదు. ‘ఫ్రీ’ యాప్ రాసిపెట్టుకుంటుంది.

2. మొదటి బ్యానర్ యాడ్‌కు పుట్టినరోజు ఉంది

వెబ్‌లో పేరుపొందిన మొదటి బ్యానర్ ప్రకటన 1994 అక్టోబరు 27న ‘హాట్‌వైర్డ్’ అనే అమెరికన్ వెబ్ పత్రికలో కనిపించింది. ఇచ్చింది ఏటీ అండ్ టీ ఫోన్ కంపెనీ. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ మరుసటి ఏడాదే, 1995 ఆగస్టు 15న. అప్పుడు కనెక్షన్‌కు ముందే డబ్బు కట్టి, వాడిన గంటలు లెక్కపెట్టుకునేవారు. అంటే మన దేశానికి నెట్ వచ్చేనాటికే ప్రకటన అక్కడ కాలు మోపి ఉంది. అందుకే వెబ్‌సైట్‌కు డబ్బు కట్టడమనే అలవాటు మనకు పెద్దగా కాలేదు. కనెక్షన్‌కు కడతాం, లోపల ఉన్నది మాత్రం ఊరికే రావాలనుకుంటాం.

3. ‘డబ్బు కట్టండి’ అనే కోడ్ మొదటినుంచీ ఉంది

‘పేజీ దొరకలేదు’ అని చెప్పే 404 కోడ్ అందరూ చూసిందే. దానికి రెండంకెల ముందు 402 ఉంది. ‘చెల్లింపు అవసరం’ అని దాని అర్థం. వెబ్ నియమాలు రాసినవాళ్లు 1990లలోనే ఆ అంకెను ముందు ముందు పనికొస్తుందని పక్కన పెట్టారు. పేజీకి పది పైసలో పావలానో నేరుగా కట్టే రోజు వస్తుందని వాళ్ల ఆలోచన. కానీ అంత చిన్న మొత్తాన్ని చేతులు మార్చే ఏర్పాటు అప్పుడు లేదు. కార్డు మీద పావలా వసూలు చేయాలంటే బ్యాంకు ఖర్చే అంతకు మించిపోయేది. ఖాళీగా ఉన్న ఆ చోటులోకి ప్రకటన వచ్చి కూర్చుంది.

4. గూగుల్ స్థాపకులే ముందు హెచ్చరించారు

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో తమ సెర్చ్ ఇంజన్ గురించి రాసిన పరిశోధనా పత్రం చివర ప్రకటనల మీద ఒక అనుబంధం ఉంది. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్లు వెతికేవాళ్ల అవసరం కంటే ప్రకటనదారుల వైపే మొగ్గుతాయని అందులో హెచ్చరించారు. రెండేళ్లు తిరిగేసరికి, 2000 అక్టోబరులో, గూగుల్ తన ‘యాడ్‌వర్డ్స్’ను 350 మంది ప్రకటనదారులతో ప్రారంభించింది. ఆ తర్వాత ఆ సంస్థ ఆదాయంలో సింహభాగం ప్రకటనలదే అయింది. ఖర్చు ఎవరు పెడితే సేవ వాళ్ల మాట వింటుందనే సూత్రాన్ని గూగుల్ కట్టినవాళ్లే ముందుగా రాసిపెట్టారు.

5. పాప్-అప్ యాడ్ కనిపెట్టినాయన క్షమించమన్నారు

తెర మీద తటాలున లేచే పాప్-అప్ కిటికీకి కోడ్ రాసినవారిలో ఈథన్ జుకర్‌మన్ ఒకరు. 1990లలో ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేస్తుండగా ఆయన ఆ పని చేశారు. 2014లో ఒక వ్యాసంలో అందుకు క్షమాపణ చెప్పారు. వెబ్‌ను ప్రకటనల మీద నిలబెట్టడమే మొదట్లో జరిగిన పెద్ద తప్పు అని ఆయన వాదన. యాడ్ ఎక్కువ ధర పలకాలంటే చూసే మనిషి గురించి ఎక్కువ తెలియాలి. ఎక్కువ తెలియాలంటే మనిషిని వెంటాడాలి. నిఘా అక్కడ మొదలైంది.

6. డాట్‌కామ్ సంబరంలో బహదూర్‌పల్లికీ చుట్టరికం ఉంది

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా బహదూర్‌పల్లిలో నేడు మహీంద్రా యూనివర్సిటీ ఉన్న ప్రాంగణం ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ వారి టెక్నాలజీ సెంటర్. ఆ సంస్థ పెట్టిన అనుబంధ కంపెనీయే సత్యం ఇన్ఫోవే, జనం నోట ‘సిఫీ’. 1999 అక్టోబరులో నాస్‌డాక్‌లో నమోదై, అక్కడికి చేరిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీగా నిలిచింది. మరుసటి నెలలోనే ‘ఇండియావరల్డ్’ వెబ్‌సైట్లను రూ.499 కోట్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. వార్తలు, క్రికెట్, వంటలు, సెర్చ్ అన్నీ ఆ సైట్లలో జనానికి ఉచితం. చూసే కళ్లు పెరిగితే డబ్బు దానంతట అదే వస్తుందన్నది ఆనాటి నమ్మకం. కొద్ది నెలల్లోనే ప్రపంచమంతా డాట్‌కామ్ బుడగ పేలింది. కళ్లను లెక్కించడం తేలిక, వాటిని ఆదాయంగా మార్చడం కష్టమని ఆనాడు చాలా కంపెనీలకు తెలిసివచ్చింది.

7. ఒక తెలుగు పత్రికను తలనొప్పి మందు పోషించింది

ప్రకటనలన్నీ చెడ్డవని అనుకుంటే పొరపాటు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చారు. ఆ వ్యాపారం ఇచ్చిన బలంతోనే 1908లో అక్కడే ఆంధ్ర పత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో అది మద్రాసుకు చేరి దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక వచ్చింది. పాఠకుడు కట్టే చందా ఒక్కటే సరిపోని రోజుల్లో మందు సీసా మీద వచ్చిన లాభం తెలుగు అక్షరాన్ని నిలబెట్టింది. ఆ సొమ్ము ఎక్కడిదో పాఠకులందరికీ తెలుసు. ఇవాళ్టి యాడ్‌కూ ఆనాటి యాడ్‌కూ అసలు తేడా ఇక్కడుంది. పత్రికలోని అమృతాంజనం ప్రకటన చదివేవారి ఇంటి వివరాలు అడగలేదు.

8. రేడియో వినడానికి పోస్టాఫీసులో డబ్బు కట్టేవారు

ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు తీసుకోవాలి, ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ల వయసున్నవాళ్లను అడగండి, చాలామందికి గుర్తుంటుంది. ఈ లైసెన్సులు 1980ల మధ్యకల్లా పోయాయి. ఆకాశవాణికి మొదట్లో వాణిజ్య ప్రకటనలు లేవు. 1957లో మొదలైన వివిధ భారతిలో 1967 నవంబరు నుంచి అవి వచ్చాయి. కాబట్టి ‘యాడ్స్ లేకుండా వినడానికి డబ్బు కట్టడం’ సెల్‌ఫోన్లు తెచ్చిన వింత కాదు. మన తాతలకు బాగా తెలిసిన ఏర్పాటే.

9. మీ ఇంటిపన్నులో గ్రంథాలయం వాటా ఉంది

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. తెలంగాణలోనూ అదే పద్ధతి సాగుతోంది. తుర్కపల్లిలోనో గుండ్లపోచంపల్లిలోనో మీరు ఇంటిపన్ను కట్టిన ప్రతిసారీ ఒక యాడ్స్ లేని సేవకు నేరుగా డబ్బు కట్టినట్టే. గ్రంథాలయంలో ఏ పుస్తకం తీశారో ఎవరూ బయట అమ్ముకోరు. పుస్తకం పేజీ మధ్యలో ఎవరూ చీరల దుకాణం చూపించరు. కట్టాం కనుక వాడుకోవడం మన హక్కు. ఒకసారి వెళ్లి చూడండి.

10. సర్టిఫికెట్‌కూ సర్వీసు చార్జీ కడుతున్నాం

ఇంటర్నెట్ సేవకు నేరుగా చెల్లించే అలవాటును తెలుగువాళ్లకు నేర్పడంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. జంట నగరాల్లో 1999 డిసెంబరులో ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగం చేసి, 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించారు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను ఒకే కౌంటర్లో కట్టడం అప్పుడు దేశమంతా చెప్పుకున్న సంగతి. 2011 నవంబరులో మీ సేవ వచ్చింది. ఇప్పుడు మన జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట దగ్గరి అంతాయిపల్లిలో ఉన్నా, ఆదాయం, కులం సర్టిఫికెట్లకు అందరూ అంతదూరం వెళ్లాల్సిన పని లేదు. మీ సేవ కేంద్రంలో సర్వీసు చార్జీ కట్టి దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఎంత తీసుకున్నారో రసీదు మీద ఉంటుంది. ధర కళ్లకు కనబడటమే నేరుగా చెల్లించడంలోని పెద్ద మేలు.

11. వాట్సాప్‌కు ఒకప్పుడు ఏడాది చందా ఉండేది

బ్రయన్ యాక్టన్, యాన్ కూమ్ 2009లో స్థాపించిన వాట్సాప్ యాడ్స్ పెట్టబోమని ప్రకటించింది. మొదటి ఏడాది ఉచితం, తర్వాత ఏడాదికి 99 సెంట్లు, అంటే డాలరుకు ఒక సెంటు తక్కువ. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 19 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016 జనవరిలో ఆ చందా ఎత్తేశారు. జనం సంతోషించారు. 2025 జూన్‌లో వాట్సాప్‌లోని ‘అప్‌డేట్స్’ విభాగంలోకి, స్టేటస్‌ల మధ్యకి, యాడ్స్ తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. మన వ్యక్తిగత చాట్ల మధ్యకు యాడ్స్ రావడం లేదు. అయినా చందా పోయిన తలుపులోంచే ప్రకటన లోపలికొచ్చిందన్నది నిజం.

12. ఓటీపీ పంపడానికి కూడా కోట్లు అవుతాయి

వాట్సాప్ వదిలి బయటికొచ్చిన అదే బ్రయన్ యాక్టన్, విరాళాలతో నడిచే ‘సిగ్నల్’ యాప్ కోసం 2018లో 50 మిలియన్ డాలర్లు ఇచ్చి ఫౌండేషన్ ఏర్పాటుకు తోడ్పడ్డారు. సిగ్నల్ తన ఖర్చుల లెక్కను 2023లో బయటపెట్టింది. సర్వర్లు, నిల్వ, బ్యాండ్‌విడ్త్, రిజిస్ట్రేషన్ కలిపి ఏడాదికి సుమారు 14 మిలియన్ డాలర్లు. అందులో దాదాపు 6 మిలియన్ డాలర్లు కొత్తగా చేరేవాళ్ల నంబరు సరిచూసే ఎస్సెమ్మెస్‌లకే పోతున్నాయి. మనం తేలిగ్గా ‘ఓటీపీ వచ్చింది’ అనుకునే చోట కూడా ఎవరో డబ్బు కడుతున్నారు. యాడ్స్ పెట్టని సేవకు ఆ డబ్బు వాడేవాళ్ల నుంచే రావాలి.

13. యాడ్స్ లేని తెలుగు ఇంటర్నెట్ కూడా ఉంది

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న పుట్టింది. అప్పుడు అమెరికాలో ఉన్న వెన్న నాగార్జున దానికి శ్రీకారం చుట్టారు. రాసేవాళ్లంతా స్వచ్ఛంద సేవకులు. నిర్వహణ ఖర్చు ప్రపంచవ్యాప్తంగా పాఠకులిచ్చే విరాళాల నుంచి వస్తుంది. ఒక్క యాడ్ కనిపించదు. ప్రవాసాంధ్రులు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ సాహిత్య పత్రిక, వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు శ్రమతో వెలసిన ‘ఆంధ్రభారతి’ నిఘంటువులు కూడా లాభం చూసుకోని పనులే. ఒక మాటకు అర్థం వెతకడానికి మేడ్చల్ విద్యార్థి ఆంధ్రభారతి తెరిస్తే, ఎక్కడో ఎవరో తమ రాత్రుళ్లు ఇచ్చి పోగుచేసిన నిఘంటువులు ఎదుట వచ్చి నిలుస్తాయి. ఇలాంటి పనికి డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బు, సమయం ఇవ్వగలిగినవారు సమయం ఇస్తేనే కొనసాగుతుంది.

14. శామీర్‌పేట నల్సార్ విద్యార్థి ఏ తీర్పును ఎక్కడ చదువుతారు?

1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. న్యాయ విద్యార్థులకు పాత తీర్పులు దొరకడం ప్రాణం. అందుకు మన దేశంలో మూడు దారులు ఒకేసారి నడుస్తున్నాయి. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపత్ర వంటివి చందా కట్టి వాడుకోవాల్సినవి. కాలేజీలు, లాయర్లు కడతారు. సుశాంత్ సిన్హా 2008లో ప్రారంభించిన ‘ఇండియన్ కానూన్’లో ఎవరైనా ఉచితంగా తీర్పు వెతకవచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టే తన తీర్పుల అధికారిక నివేదికలను ‘ఈ-ఎస్‌సీఆర్’ పేరుతో అందరికీ ఉచితంగా తెరిచింది. దాని ఖర్చు పన్నుల నుంచి వస్తుంది. తీర్పు ప్రజల సొత్తు కాబట్టి అది ఉచితం కావడం న్యాయం. దానికి నిపుణులు రాసిన సారాంశం, సూచికలు శ్రమ కాబట్టి వాటికి చందా కట్టడమూ న్యాయమే.

15. దేశమంతటికీ కలిపి ఒకే చందా

కొవాగ్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట ప్రాంతంలోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు రోజూ చదవాల్సిన పరిశోధనా పత్రికలు చాలా ఖరీదు. ఒక్కో సంస్థ విడివిడిగా కట్టలేక వదిలేసుకున్న పత్రికలు ఎన్నో. అందుకే కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు. ప్రభుత్వ విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధనా సంస్థలు కలిపి 6,300 పైచిలుకు, వాటిలో దాదాపు 1.8 కోట్ల మంది చదువరులు. చందాను అందరూ కలిసి కడితే తలసరి భారం ఎంత తగ్గుతుందో చూపించే పెద్ద ఉదాహరణ ఇది.

16. తెలుగు సినిమాకు రోజుకు రూపాయి

అల్లు అరవింద్, మై హోమ్ గ్రూప్ కలిసి తెచ్చిన ‘ఆహా’ 2020 ఉగాదికి ప్రజల్లోకి వచ్చింది. పూర్తిగా తెలుగు కోసమే పుట్టిన ఓటీటీ. తొలినాళ్ల ఏడాది చందా రూ.365, అంటే రోజుకు రూపాయి. తెలుగు ప్రేక్షకుడు ఫోన్‌లో చూసేదానికి డబ్బు కట్టడన్న మాటను ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. ఆహాకు చందా కట్టినవాళ్లు ఆ మాటకు జవాబు చెప్పారు. సరసమైన ధరకు మన భాషలో మనకు కావలసింది ఇస్తే కట్టడానికి వెనుకాడేవాళ్లు తక్కువ.

17. యూట్యూబ్ యాడ్ డబ్బు ఒక పల్లెను ప్రపంచానికి చూపించింది

శామీర్‌పేట మీదుగా వెళ్లే రాజీవ్ రహదారిని పట్టుకుని కరీంనగర్ దాటి జగిత్యాల వైపు సాగితే లంబాడిపల్లి వస్తుంది. ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ అక్కడ పుట్టింది. గంగవ్వ అనే పల్లె అవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది. టికెట్టు లేకుండా అందరూ చూడగలగడం వల్లే అది సాధ్యమైంది. మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన ఆదాయంలో యూట్యూబ్ 55 శాతం, షార్ట్స్ మీద 45 శాతం తయారుచేసినవారికి ఇస్తుంది. చానెల్ మెంబర్‌షిప్, సూపర్ చాట్ ద్వారా మీరు నేరుగా ఇస్తే అందులో 70 శాతం వాళ్లకు చేరుతుంది. మన దేశంలో చూసే వీడియోకు ప్రకటన ధర అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి తెలుగులో వీడియోలు చేసేవారికి నేరుగా అందే చిన్న మొత్తం కూడా పెద్ద అండ.

18. చదివేవారూ వినేవారూ కట్టిన రూపాయి రచయితకు చేరుతుంది

2010లో వచ్చిన ‘కినిగె’ తెలుగు ఈ-పుస్తకాలను అమ్మడమే కాదు, అద్దెకు కూడా ఇచ్చింది. ఒకప్పుడు మన ఊళ్లలో నవలలు అద్దెకిచ్చే దుకాణాల పద్ధతిని ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. 2014లో బెంగళూరులో మొదలైన ‘ప్రతిలిపి’లో తెలుగు రచయితలు వేలాది కథలు, సీరియళ్లు రాస్తున్నారు. చందా కట్టే పాఠకుల వల్ల వాళ్లకు కొంత ఆదాయం వస్తోంది. తెలుగు పుస్తకాలను చదివి వినిపించే ‘దాసుభాషితం’ కూడా చందాతో నడిచే యాప్. యాడ్ కోసం రాసే కథ ఎక్కువ క్లిక్కులు వచ్చే శీర్షిక వెంట పరుగెత్తాలి. పాఠకుడి కోసం రాసే కథకు ఆ పరుగు అక్కర్లేదు.

19. డబ్బు కట్టినా యాడ్స్ రావచ్చు

కేబుల్ టీవీ పే చానెళ్లకు నెలనెలా కడుతూనే యాడ్స్ చూస్తున్నాం. కేబుల్ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలు, 2 నిమిషాలు సొంత కార్యక్రమాల ప్రచారం. ఓటీటీలూ ఇదే దారి పట్టాయి. అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో 2025 జూన్ 17 నుంచి యాడ్స్ చూపడం ప్రారంభించింది. అవి వద్దనుకుంటే ఉన్న చందా మీద అదనంగా ఏడాదికి రూ.699 లేదా నెలకు రూ.129 అని అప్పుడు ప్రకటించింది. అందుకే చందా కట్టేముందు ‘యాడ్స్ ఉంటాయా? నా వివరాలు ఎవరికిస్తారు?’ అని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. డబ్బు కట్టడం ఒక్కటే భరోసా ఇవ్వదు.

20. గోప్యత కట్టగలిగినవారి సొత్తేనా?

యూరప్‌లో మెటా సంస్థ 2023 నవంబరులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవారి ముందు రెండే దారులు పెట్టింది. యాడ్స్ వద్దంటే నెలకు కనీసం 9.99 యూరోలు కట్టాలి, లేదా మీ సమాచారం వాడుకోవడానికి ఒప్పుకోవాలి. ఇది నిజమైన ఎంపిక కాదని యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో 200 మిలియన్ యూరోల జరిమానా వేసింది. ఈ ప్రశ్న మనకు ఇంకా ముఖ్యం. మేడ్చల్ పారిశ్రామిక వాడలో దినకూలీకి పనిచేసే మనిషి నాలుగు యాప్‌లకు నాలుగు చందాలు కట్టలేడు. కట్టలేనివాళ్లను వెంటాడాల్సిందే అంటే ఒప్పుకోకూడదు. కట్టినవారికి మంచి సేవ, కట్టలేనివారికి నిఘా లేని మామూలు యాడ్స్. ఇలా జరగడం సాధ్యమే, ఇలాగే జరగాలి.

21. పిల్లలను వెంటాడే యాడ్స్‌కు చట్టం అడ్డు చెప్పింది

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి నడవడిని వెంటాడి గమనించడాన్ని, వారిని గురిపెట్టి యాడ్స్ చూపడాన్ని నిషేధించింది. పిల్లల విషయంలోని బాధ్యతలు ఉల్లంఘిస్తే రూ.200 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించారు. కంపెనీలు ప్రధాన బాధ్యతలకు సిద్ధం కావడానికి 18 నెలల గడువిచ్చారు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులందరికీ తెలియాల్సిన చట్టం ఇది.

22. పావలా సమస్యను తీర్చింది యూపీఐ

402 కోడ్ ఎదురుచూసిన చిన్న చెల్లింపు మన దేశంలో 2016లో వచ్చిన యూపీఐతో చేతికందింది. టీ బండి దగ్గర పది రూపాయలు కట్టినంత తేలిగ్గా చందా కట్టవచ్చు. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాతో చేసే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారుల దగ్గర తీసుకునే రుసుము సున్నా. ఇక్కడా ఉచితం వెనక ఖర్చు ఉంది. చిన్న చెల్లింపులను ప్రోత్సహించడానికి 2024–25 సంవత్సరానికి కేంద్రం సుమారు రూ.1,500 కోట్లు కేటాయించింది. అది మనం కట్టే పన్నే.

23. ఆటోపేలో మీ అనుమతి లేకుండా డబ్బు పోకూడదు

ప్రతినెలా డబ్బు దానంతట అదే పోయే యూపీఐ ఆటోపే 2020 జులైలో వచ్చింది. ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు రిజర్వు బ్యాంకు గట్టి నియమాలు పెట్టి 2021 అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. డబ్బు తీసేందుకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. చందా మొత్తం రూ.15,000 దాటితే మళ్లీ మీ ఆమోదం అడగాలి. నియమాలు అమల్లోకి వచ్చిననాడు ఈ పరిమితి రూ.5,000, దాన్ని 2022 జూన్‌లో పెంచారు. వద్దనుకుంటే రద్దు చేసుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

24. ‘చందా ఉచ్చు’ను ప్రభుత్వమే నిషేధించింది

చేరడం ఒక్క నొక్కుతో అయిపోయి, మానుకోవడానికి పది మెట్లు ఎక్కించే పద్ధతిని ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అంటారు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు పోకడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఉచ్చు అందులో ఒకటి. ‘ఫ్రీ ట్రయల్’ అని చెప్పి ముందే కార్డు వివరాలు బలవంతంగా తీసుకోవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. మీకు ఇలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇంతకీ ఏం చేద్దాం?

ఊరికే వచ్చేది ఏదీ లేదు. కొన్నిటికి ప్రకటనదారుడు కడతాడు, కొన్నిటికి సర్కారు కడుతుంది, కొన్నిటికి దాత కడతాడు, కొన్నిటికి మనం కడతాం. ఎవరు కడితే ఆ సేవ వాళ్లను మెప్పించాలని చూస్తుంది. మన భాషలో మంచి వార్త, మంచి కథ, మంచి పాఠం బతకాలంటే అందులో కొంతైనా మన చేతి డబ్బుతో నడవాలి. తెలుగు పత్రికలు దశాబ్దాల పాటు ఇంటింటికీ తిరిగి చందాలు రాయించుకున్నాయి. ఆ అలవాటును ఫోన్‌లోకి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

ఈ వారం మూడు పనులు చేయండి. మీ యూపీఐ యాప్ తెరిచి ఆటోపే జాబితా చూసి, వాడనివి రద్దు చేయండి. ఇంట్లో చిన్నపిల్లలు వాడే ఫోన్‌లో యాప్‌ల అనుమతులు ఒకసారి సరిచూడండి. ఆటోపేలు రద్దు చేయగా మిగిలిన డబ్బులో నుంచి, మీరు రోజూ చదివే, వినే, చూసే తెలుగు పని ఒక్కదాన్ని ఎంచుకుని, మీ తాహతుకు తగినంత నేరుగా చందా కట్టండి.